నలభై నాలుగు, పంతొమ్మిది

ట్రంకు రోడ్డు షాపులో కుర్రాడు
ఇరవయ్యొక్క గేర్లన్నాడు.
బొటనవేలు ఇట్లా అంటే చాలు, కొండెక్కుద్దన్నాడు.
నెల్లూర్లో కొండ యాడుందో నేనడగలేదు.
నాకున్న కొండ ఒకటే,
రామలింగాపురం అండర్ బ్రిడ్జి.
దిగేటప్పుడు బావి, ఎక్కేటప్పుడు కొండ.
అదీ తెల్లారుజాము నాలుగింటికి,
నిలువెత్తు టీ కడ్డీ సైకిలు నడుముకి కట్టుకొని.

నాది నీళ్ళు వదిలే పని.
పద్నాలుగు గుంటలు, పద్నాలుగు వాల్వులు.
ఒక వీధికి విప్పితే ఇంకో వీధికి బిగించాలి.
పది నిమిషాలు ఆలస్యమైతే
సంతపేటలో ఖాళీ బిందెలన్నీ
నా పేరే పలుకుతాయి.

షాపు మెట్లు దిగి
మూలపేట మలుపులో జిలానీ సాయిబు దగ్గరికి పోయినా.
ఆయన సైకిలు సంగతి ఎత్తలేదు. నా కాళ్ళకేసి చూసినాడు.
"నీకెన్నేళ్ళు?"
"యాభై రెండు."
"మోకాలికి అరవై ఉంటాయబ్బయా."

ముందు నలభై ఎనిమిది పళ్ళు, వెనక పద్దెనిమిది,
అది కుర్రోళ్ళ లెక్కంట.
ఒక్క తొక్కుకు మూడు బారల పైమాటే,
ఎగువ వచ్చిందా, ప్రతి తొక్కూ
వడ్డీ కట్టినట్టుంటుంది.
నాకు మూడు బారలకు మూరెడు తక్కువ చాలన్నాడు.
ఆ మూరెడే మోకాలికి మిగులు.

డాల్డా డబ్బా బోర్లించి
ఫ్రీవీళ్ళు కెలికినాడు.
సుద్దముక్కతో ఒక పన్నుకు గుర్తు పెట్టి
గోటితో లెక్కబెట్టుకుంటా పోయి
గుర్తు దగ్గరికే తిరిగొచ్చి, పంతొమ్మిది అన్నాడు,
బిడ్డ పుట్టిందని చెప్పినట్టు.

"బేసి పళ్ళెందుకు?"
"సరి పళ్ళయితే పాత జతలే కలుస్తుంటాయి.
గొలుసులో ఒకే లింకు
సగం పళ్ళనే కొరుకుతుంటది, మిగతా సగం మొగమే చూడదు.
బేసి అయితే అందరికీ అందరి దెబ్బా తగుల్తది.
అరుగుదల పంచుకుంటే నీకంటే నాలుగేళ్ళు ఎక్కువ బతుకుద్ది."
నేనేం మాట్లాడలేదు.
ఇంట్లో మా అన్నదమ్ములం నలుగురం.

బ్రేకు దగ్గర తగువు పడ్డాం.
కార్తీక మాసం ముసుర్లో, తడిసిన ఉక్కు రిమ్ము మీద
రబ్బరు జారి
ఒకసారి పాలవాడి క్యాన్లకు గుద్దినా.
పాలవాడు ఇప్పటికీ ఎదురైతే క్యాను పక్కకు జరుపుకుంటాడు.
అందుకే వెనక డ్రమ్ము, వాన లోపలికి చొరబడనిది.
స్పోకులు స్టీలువే, మైపాడు గాలి ఇంత దూరం వస్తుందని.
కాటరు పిన్ను మాత్రం వద్దన్నా, టక్కుటక్కు మంటదని.
"సుత్తి ఉన్న ప్రతి వీధిలో నీకు మెకానిక్కు ఉన్నట్టే" అని
ఆయన పిన్నే కొట్టినాడు.
ఓడిపోయినా. టక్కుటక్కు మంటానే ఉంది.

డైనమో పాతది, నేనే తెచ్చుకున్నా.
బ్యాటరీ లైటు కొనుక్కోమని నవ్వినాడు జిలానీ.
బ్యాటరీ నా గుంటల దగ్గరే చచ్చిపోద్ది,
నాకు తెలుసు.

ఇయ్యాల తొమ్మిదో గుంట.
సైకిలు డబుల్ స్టాండు మీద, వెనక చక్రం గాల్లో,
లైటు గుంటలోకి వంచి పెట్టినా.
బిందెతో ముందే వచ్చి కూర్చున్న వెంగమాంబ
చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని
పెడలు చేత్తో తిప్పుతుంది.
కింద, పసుపు వెలుగులో,
తుప్పు మూతా, ఒక కప్పా, వాల్వు తలకాయా.
"నిదానంగా తిప్పమ్మా, ఆపకుండా."
ఆమె అక్కడ తిప్పుతుంది,
నేనిక్కడ కడ్డీ తిప్పుతున్నా.
పద్దెనిమిది చుట్లకు పట్టు వదిలింది.
పంతొమ్మిదో చుట్టుకి
పైపు గొంతు సవరించుకుంది.